"తెలిసి ఉండి" అన్న మాటను ఎవరు రుజువు చేస్తారు? రెండు రాష్ట్రాల ప్రాసిక్యూషన్ డైరెక్టర్లకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల డైరెక్టర్ ఆఫ్ ప్రాసిక్యూషన్ గార్లకు,

నమస్కారం.

నేను ఒక జిల్లా కోర్టులో ఇరవై రెండేళ్లుగా క్రిమినల్ కేసులు చూస్తున్న న్యాయవాదిని. పైరసీ కేసుల్లో ముద్దాయిల తరఫున నిలబడ్డాను, రెండుసార్లు హక్కుదారుల తరఫున కూడా నిలబడ్డాను. ఈ ఉత్తరం ఏ ఒక్క కేసు కోసమో రాయడం లేదు. కాపీరైట్ చట్టం 63వ సెక్షన్‌లో ఉన్న ఒక మాట కోసం రాస్తున్నాను. హక్కును "తెలిసి ఉండి" ఉల్లంఘించిన వాడికే, అలా చేయడానికి తోడ్పడ్డ వాడికే ఆ సెక్షన్ శిక్ష వేస్తుంది. ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల వరకు జరిమానా. అంత బరువైన శిక్షకు పునాది ఆ "తెలిసి ఉండి". మన ఛార్జిషీట్లలో దాన్ని రుజువు చేసే ప్రయత్నమే కనబడదు.

ఎందుకంటున్నానో చెప్పడానికి ఒక కేసు చెప్పాలి. మనిషి పేరూ, ఊరి పేరూ రాయను.

ఒక మండల కేంద్రంలో పుస్తకాలు, నోట్‌బుక్కులు, పెన్నులు అమ్ముకునే చిన్న దుకాణం. దాని యజమానికి అప్పటికి యాభై నాలుగేళ్లు. జూన్‌లో బడులు తెరిచే ముందు ఒక హోల్‌సేలర్ దగ్గర నుంచి ఎప్పటిలాగే గైడ్లు తెప్పించుకున్నాడు. లారీ ఆఫీసు నుంచి కట్టలు దుకాణానికి వచ్చి పది రోజులైంది. ఒక మధ్యాహ్నం సబ్ ఇన్‌స్పెక్టర్, ఇద్దరు కానిస్టేబుళ్లు, ప్రచురణ సంస్థ పంపిన మనిషి ఒకరు వచ్చారు. నూట నలభై గైడ్లు పక్కన పెట్టించారు. ఇద్దరు సాక్షుల సమక్షంలో సోదా జరిగిందని చెప్పే మధ్యవర్తుల నివేదిక రాశారు. దాని చివర్లో "సదరు పుస్తకములు నకిలీవని తెలిసియుండియు అధిక లాభము కొరకు అమ్ముచున్నానని ఒప్పుకొనెను" అని ఒక వాక్యం. సాయంత్రానికి అతను స్టేషన్‌లో ఉన్నాడు, మర్నాడు రిమాండ్‌లో ఉన్నాడు.

ఆ కేసు ఆరేళ్లు నడిచింది. ఛార్జిషీట్‌లో అతనికి తెలుసు అనడానికి ఆధారం ఏముందని వెతికితే ఆ ఒక్క వాక్యమే. పోలీసు అధికారికి చెప్పిన ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదని పాత ఎవిడెన్స్ చట్టం 25వ సెక్షన్ చెప్పేది, ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియమ్ 23వ సెక్షన్ చెబుతోంది. కోర్టు చదవడానికే వీల్లేని వాక్యం మీద ఆరేళ్ల కేసు నిలబడింది. ఇద్దరు మధ్యవర్తుల్లో ఒకరు ప్రచురణ సంస్థ మనిషి వచ్చిన కారు డ్రైవరని క్రాస్ ఎగ్జామినేషన్‌లో తేలింది.

కేసు కొట్టేశారు. ఆ రోజు కోర్టు వరండాలో అతను నన్ను అడిగిన మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. "సార్, ఆ గైడ్లలో నకిలీ ఏదో, అసలు ఏదో ఇప్పటికైనా మీకు తెలుసా?" నాకు తెలియదు. విచారణలో ప్రచురణ సంస్థ ప్రతినిధి కూడా పుస్తకం వెన్ను విప్పి, కాగితం మందం చూసి, లోపల ఒక పేజీలో అచ్చు రంగు పోల్చి మరీ చెప్పాడు. సంస్థ మనిషికే అంత పరీక్ష చేస్తే గానీ తేలని తేడా, కట్ట విప్పి అరలో సర్దిన దుకాణదారుడికి తెలిసే ఉంటుందని ఎలా రాస్తారు?

అయ్యా, పైరసీ నష్టం నాకు తెలియనిది కాదు. మన ఊళ్లలో మంచి పుస్తకం వేసి నష్టపోయిన చిన్న ప్రచురణకర్తల బాధ దగ్గర నుంచి చూశాను. సినిమా విడుదలైన రోజే ఫోన్లలోకి వచ్చేస్తే ఎన్ని కుటుంబాలు దెబ్బతింటాయో మన రెండు రాష్ట్రాల్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. తెలంగాణ ప్రభుత్వం 2016లో మేధో సంపత్తి నేరాల కోసం ప్రత్యేకంగా ఒక విభాగాన్నే పెట్టింది. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించి థియేటర్‌లో దొంగ రికార్డింగ్‌కు మూడు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, సినిమా ఖర్చులో ఐదు శాతం వరకు జరిమానా పెట్టారు. కఠినంగా ఉండొద్దని నేను అనను. తెలిసి చేసినవాడికి ఆ కఠినం తగలాలనే నా తపన. ఇప్పుడున్న పద్ధతిలో అతనికి తగలడం లేదు.

అది కూడా కళ్లారా చూసిందే. వేరే కేసు వాయిదా కోసం కూర్చుని ఉండగా ఒక గోడౌన్ కేసులో తీర్పు చదివారు. ఆరు వేలకు పైగా పుస్తకాలు. సరుకు రాత్రుళ్లు దిగేదని ఇరుగుపొరుగు పోలీసులకు చెప్పారు, కానీ ఆ ఇరుగుపొరుగు ఒక్కరినీ సాక్షిగా పెట్టలేదు. అంతకు ముందే రెండుసార్లు లాయర్ నోటీసు వెళ్లింది, ఆ నోటీసు అందినట్టు రసీదు ఫైల్‌లో లేదు. ముద్రించిన ధరలో మూడో వంతుకే కొన్నాడని అందరూ అన్నారు, ఒక్క బిల్లు గానీ బ్యాంకు స్టేట్‌మెంట్ గానీ తేలేదు. మెజిస్ట్రేట్ గారు పుస్తకాలు నకిలీవేనని నమ్మారు. ముద్దాయికి ఆ సంగతి తెలుసనడానికి సాక్ష్యం లేదని సంశయ లబ్ధి ఇచ్చారు. దుకాణదారుడి కేసులోని ఆ ఒప్పుకోలు వాక్యమే, అక్షరం పొల్లు పోకుండా, ఈ గోడౌన్ కేసు మధ్యవర్తుల నివేదికలోనూ ఉంది. అమాయకుడికీ, ఆరితేరినవాడికీ ఒకే ఫార్మాట్. ఒకడు ఆరేళ్లు నలిగి బయటపడ్డాడు, ఇంకొకడు నవ్వుకుంటూ బయటపడ్డాడు.

ఇక చట్టం ఏమంటుందో చూద్దాం. చాలామంది అధికారులు దొంగసొత్తు కేసుకూ పైరసీ కేసుకూ తేడా లేదనుకుంటారు. సరుకు నీ దగ్గర దొరికింది కాబట్టి నీకు తెలిసే ఉంటుంది, తెలియదని నువ్వే చెప్పుకో అంటారు. దొంగతనం జరిగిన కొద్ది రోజుల్లోనే సొత్తు ఒకడి దగ్గర దొరికి, దానికి అతను సరైన లెక్క చెప్పలేకపోతే, దొంగో దొంగసొత్తు అని తెలిసి తీసుకున్నవాడో అని కోర్టు ఊహించుకోవచ్చని సాక్ష్య అధినియమ్ 119వ సెక్షన్‌లో ఉదాహరణ ఉంది. పాత చట్టంలో అది 114వ సెక్షన్. అయితే ఆ ఊహ వెనక ఒక అనుభవం ఉంది. పక్కింటి బంగారు గొలుసు నీ పెట్టెలోకి మామూలుగా రాదు. పుస్తకాల దుకాణంలోకి పుస్తకం మాత్రం మామూలుగానే వస్తుంది. రోజూ వచ్చే దారిలోనే, రోజూ వచ్చే రూపంలోనే నకిలీ కూడా వస్తుంది. అతని దగ్గర అది ఉండటంలో వింత ఏమీ లేనప్పుడు, ఉండటం ఒక్కటే చూసి అతని మనసులో ఏముందో చెప్పలేం.

ఇంకో తేడా ఉంది, మీకు తెలియనిది కాదు గానీ కింది స్థాయిలో ఎవరూ పట్టించుకోవడం లేదు కాబట్టి రాస్తున్నాను. దొంగసొత్తు తీసుకోవడం గురించి, పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ "తెలిసి" అని ఆగదు, "నమ్మడానికి కారణం ఉండి" అని కూడా అంటుంది. కాపీరైట్ చట్టం 63వ సెక్షన్‌లో ఆ రెండో మాట లేదు. మరచిపోయి వదిలేశారా అంటే అదీ కాదు. అదే చట్టంలో సివిల్ దావాల గురించి చెప్పే 55వ సెక్షన్‌లో, కాపీరైట్ ఉందని తెలియదనీ, ఉందని నమ్మడానికి తగిన కారణం కూడా లేదనీ ప్రతివాది రుజువు చేసుకుంటే ఊరట కొంత తగ్గుతుందని రాశారు. అంటే రెండు మాటలకూ తేడా చట్టం రాసినవారికి బాగా తెలుసు. జైలుకు పంపే చోట ఒక్క మాటే ఉంచారు. తెలిసి ఉండటం వేరు, నమ్మడానికి కారణం ఉండటం వేరు అని సుప్రీంకోర్టు 2004లో కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో విడమరచి చెప్పింది కూడా.

"ఎక్కడ కొన్నాడో, ఎంతకు కొన్నాడో అతనికే తెలుసు, అతనే చెప్పాలి" అనే వాదన మా కోర్టులో తరచూ వింటాను. పాత ఎవిడెన్స్ చట్టంలో 106వ సెక్షన్, ఇప్పటి సాక్ష్య అధినియమ్‌లో 109. ఆ సెక్షన్ ప్రాసిక్యూషన్ నెత్తి మీద భారాన్ని దించదని సుప్రీంకోర్టు 1956లో, అజ్మీర్ నుంచి వచ్చిన కేసులోనే తేల్చింది. ముందు ప్రాసిక్యూషన్ తన పని చేయాలి. ఆ తర్వాతే ముద్దాయి నోరు విప్పాల్సిన అవసరం వస్తుంది.

1996 నాటి సుప్రీంకోర్టు తీర్పు సంగతి కూడా చెప్పాలి. మన ఆంధ్రప్రదేశ్ వీడియో క్యాసెట్ల కేసే అది, అప్పీలు వేసింది మన ప్రభుత్వమే. హక్కుదారు ఎవరో వెతికి తెచ్చి సాక్ష్యం చెప్పించకపోయినా నేరం నిలబడుతుందని అందులో అన్నారు. ప్రభుత్వం తరఫున వాదించే ఏపీపీలు ఆ తీర్పును ప్రతి పైరసీ కేసులోనూ పెడతారు. కానీ అందులోని శిక్ష కాపీరైట్ చట్టం 52ఎ, 68ఎ సెక్షన్ల కింద. క్యాసెట్ మీద తయారీదారు పేరు, హక్కుదారు పేరు వంటి వివరాలు ఉండాలన్నది ఒకటి, లేకుండా ప్రచురిస్తే శిక్ష అన్నది ఇంకొకటి. ఆ 68ఎ సెక్షన్‌లో "తెలిసి ఉండి" అన్న మాట లేనే లేదు. అట్ట మీద పేరు ఉందో లేదో కంటికి కనబడుతుంది. ఆ తీర్పును తెచ్చి 63వ సెక్షన్ కేసులో, అందులోనూ అట్ట మీద అన్ని వివరాలూ అసలు పుస్తకంలాగే అచ్చేసిన నకిలీ గైడు కేసులో పెట్టి, ఇక మేం ఏమీ రుజువు చేయనక్కర్లేదంటే ఎలా?

ఈ గొడవ పాతదే అయినా ఇప్పుడు రాయడానికి కారణం ఉంది. 63వ సెక్షన్ నేరం బెయిలబుల్ అని ఒకప్పుడు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టే అంది. 2022 మే 20న నిట్ ప్రో ఇంటర్నేషనల్ కేసులో సుప్రీంకోర్టు ఆ చర్చకు తెర దించింది. అది కాగ్నిజబుల్, నాన్ బెయిలబుల్ అని తేల్చింది. అంటే ఇప్పుడు సబ్ ఇన్‌స్పెక్టర్ వారెంట్ లేకుండా సరుకు పట్టుకోవచ్చు, మనిషినీ పట్టుకోవచ్చు. ఒకప్పుడు స్టేషన్‌లో పూచీకత్తు రాసి ఇంటికి వెళ్లే మనిషి ఇప్పుడు సబ్ జైలు మెట్లు ఎక్కుతున్నాడు. అధికారం పెరిగినప్పుడు దర్యాప్తు కూడా అంత గట్టిగా ఉండాలి కదా. సుప్రీంకోర్టు ఇచ్చిన అర్నేష్ కుమార్ తీర్పు 2014 నుంచి ఉంది. ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో అరెస్టు ఎందుకు అవసరమో కారణాలు రాయాలి, లేకపోతే నోటీసు ఇచ్చి పిలవాలి. ఆ నోటీసు ఇప్పుడు, పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత 35వ సెక్షన్‌లో ఉంది. దుకాణం, ఇల్లు, పిల్లల బడి అన్నీ ఒకే వీధిలో ఉన్న మనిషి ఎక్కడికి పారిపోతాడని రిమాండ్ రిపోర్టులో రాస్తున్నారు?

ట్రేడ్ మార్కుల చట్టంతో పోల్చి చూడండి. నకిలీ ముద్ర ఉన్న సరుకు అమ్మిన కేసులో మోసం చేసే ఉద్దేశం లేదని రుజువు చేసుకోవాల్సిన భారం అమ్మినవాడి మీదే పెట్టారు. అది వ్యాపారికి కష్టమే. అందుకే అక్కడ రక్షణ కూడా పెట్టారు. డీఎస్పీ స్థాయి అధికారి అయితేనే వారెంట్ లేకుండా సోదా చేయాలి, అదీ ముందుగా రిజిస్ట్రార్ అభిప్రాయం తీసుకుని, దానికి కట్టుబడి. ఇప్పుడు జరుగుతున్నది ఏమిటంటే, నిజానికి ట్రేడ్ మార్కు గొడవ అయిన కేసును కూడా, డబ్బా మీది బొమ్మ కళాకృతి అని చెప్పి కాపీరైట్ 63 కింద కట్టేస్తున్నారు. డీఎస్పీ రానక్కర్లేదు, రిజిస్ట్రార్‌ను అడగనక్కర్లేదు. కోర్టులో మాత్రం భారం ముద్దాయిదే అన్నట్టు వాదిస్తారు. రెండు చట్టాల్లోనూ తమకు అనుకూలమైనదే ఏరుకుంటున్నారు. ఇది అన్యాయం అని మెత్తగా చెప్పలేను.

తెలుసని రుజువు చేయడం అసాధ్యం, మనసులోకి ఎవరు తొంగి చూస్తారు అని ఒక ఇన్‌స్పెక్టర్ గారు నాతో అన్నారు. మనసులోకి చూడనక్కర్లేదు, ఖాతా పుస్తకంలోకి చూస్తే చాలు. పైన చెప్పిన దుకాణదారుడి దగ్గర అదే హోల్‌సేలర్ ఇచ్చిన పాత బిల్లులు మూడేళ్లవి ఉన్నాయి. ముద్రించిన ధర మీద ముప్పై నుంచి ముప్పై ఐదు శాతం తగ్గింపు, ప్రతిసారీ. ఆ ఏడాది సరుకు కూడా అదే తగ్గింపుకు వచ్చింది, దానికి మాత్రం పక్కా బిల్లు రాలేదు, తెల్లకాగితం చీటీ వచ్చింది. ఆ బిల్లులు, ఆ చీటీ మొదటి రోజే తీసుకుని పక్కపక్కన పెడితే ఆ మనిషికి తెలియదని గంటలో అర్థమయ్యేది. అదే గోడౌన్ యజమాని బ్యాంకు ఖాతా తీసుంటే, మూడో వంతు ధరకు కొన్న సంగతి బయటపడి, అతనికి తెలుసని కూడా గంటలో అర్థమయ్యేది. అంతకు ముందు అందిన నోటీసు, దాని రసీదు. సరుకు అరల్లో బాహాటంగా పెట్టాడా, మెట్ల కింద గోనెసంచుల్లో దాచాడా. అడిగిన వాళ్లకు బిల్లు ఇచ్చాడా, లేదా. ఫోన్‌లో సరఫరాదారుతో ఏం మాట్లాడుకున్నారు. ఇవన్నీ సాక్ష్యాలే. కావాలని కళ్లు మూసుకున్నవాడు కూడా వీటిలోనే దొరుకుతాడు, ఎందుకంటే కళ్లు మూసుకున్నవాడు కూడా తక్కువ ధరకే కొంటాడు, చీటీ చించేస్తాడు. ఇరవై రూపాయలు తీసుకుని కొత్త సినిమా ఫోన్‌లోకి ఎక్కించి ఇచ్చే కొట్టువాడికి తెలియదని నేను కూడా వాదించను.

కంప్యూటర్ల విషయం ఇంకాస్త వేరు. 63బి సెక్షన్ నకిలీ సాఫ్ట్‌వేర్‌ను తెలిసి వాడినవాడి గురించి. మన ఊళ్లలో డీటీపీ సెంటర్లు ఎలా మొదలవుతాయో మీకు తెలుసు. అసెంబుల్ చేసే కుర్రాడి దగ్గర సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ కొంటారు. విండోస్, తెలుగు ఫాంట్లు, ఫోటోల సాఫ్ట్‌వేర్ అన్నీ వేసే ఇస్తాడు. పెళ్లి కార్డులు కొట్టుకుని బతికే మనిషి ఆ మొత్తంలో సాఫ్ట్‌వేర్ ధర కూడా కలిసే ఉందనుకుంటాడు. కొందరికి తెలుసు, కొందరికి నిజంగా తెలియదు. లైసెన్సు గురించి హక్కుదారు సంస్థ ముందే ఒక ఉత్తరం రాసి, నెల గడువు ఇచ్చి, అప్పటికీ మార్చకపోతే కేసు పెడితే "తెలిసి" అన్న మాట దానంతట అదే రుజువవుతుంది. ఆ ఉత్తరానికి అయ్యే ఖర్చు ఒక రిజిస్టర్డ్ పోస్టు.

సుప్రీంకోర్టు 1965లో తేల్చిన నాథూలాల్ కేసు నాకు ఎప్పుడూ గుర్తొస్తుంది. మధ్యప్రదేశ్‌లో ధాన్యం వ్యాపారి. లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకున్నాడు, వస్తుందని నమ్మి గోధుమలు నిల్వ చేశాడు. లైసెన్సు లేకుండా సరుకు అతని దగ్గర దొరికిన మాట నిజమే. దురుద్దేశం లేదని అతన్ని విడిచిపెట్టారు. నిత్యావసరాల చట్టం అంత కఠినమైన చట్టం, అందులో అప్పట్లో "తెలిసి" అన్న మాట కూడా లేదు. అయినా కోర్టు మనసు సంగతి అడిగింది. మన దగ్గర చట్టమే ఆ మాట రాసి పెట్టింది, మనమే అడగడం మానేశాం.

అందుకే మీకు రాస్తున్నాను, పోలీసు శాఖకు కాదు. నాగరిక్ సురక్షా సంహిత 20వ సెక్షన్ ప్రకారం ఏడేళ్ల లోపు శిక్ష పడే కేసులపై పర్యవేక్షణ మీ అసిస్టెంట్ డైరెక్టర్లది. 63వ సెక్షన్ కేసులు ఆ లెక్కలోకే వస్తాయి. ఛార్జిషీట్ కోర్టుకు వెళ్లే ముందు మీ మనిషి ఒక ప్రశ్న అడిగితే చాలు: ఇతనికి తెలుసని చెప్పే సాక్షి ఎవరు, కాగితం ఏది? మధ్యవర్తుల నివేదికలోని ఒప్పుకోలు చూపిస్తే, అది కాక ఇంకేముందని అడగండి. ఏమీ లేకపోతే ఫైలు వెనక్కి పంపండి. అదే సంహిత 105వ సెక్షన్ కింద సోదా అంతా ఇప్పుడు వీడియో తీయాల్సిందే. ఆ వీడియోలో సరుకు ఎక్కడ ఎలా పెట్టి ఉందో కనబడాలి, బిల్లులు అడిగారో లేదో వినబడాలి. హక్కుదారు సంస్థ మనిషిని, అతని డ్రైవర్‌ను మధ్యవర్తులుగా పెట్టొద్దని రాతపూర్వకంగా చెప్పండి.

ఇంకొక్కటి. దుకాణదారుడు సరఫరా చేసినవాడి పేరు చెబితే ఆ పేరు వెంట దర్యాప్తు వెళ్లాలి. నా కేసులో అతను మొదటి రోజే హోల్‌సేలర్ పేరు, ఫోన్ నంబరు, లారీ రసీదు ఇచ్చాడు. ఆరేళ్లలో ఒక్కసారి కూడా ఆ నంబరుకు ఫోన్ చేయలేదు. క్రాస్‌లో ఎందుకు చేయలేదని అడిగితే "అవసరం అనిపించలేదు" అన్నారు దర్యాప్తు అధికారి. ఆ గైడ్లు అచ్చేసిన యంత్రం ఏ ఊళ్లో ఉందో నాకు తెలియదు గానీ, ఆరేళ్లూ అది తిరుగుతూనే ఉండి ఉంటుంది.

అతని కొడుకు ఇప్పుడు ఆ దుకాణం చూస్తున్నాడు. గైడ్లు అమ్మడం మానేశారు. నోట్‌బుక్కులు, పెన్నులు, జిరాక్స్ మాత్రమే. ఈ మధ్య నన్ను కలిసి, డిజిటల్ లైబ్రరీ కోసం కలెక్టరేట్ నుంచి పుస్తకాల ఆర్డర్ వస్తుందట, తీసుకోవచ్చా సార్ అని అడిగాడు. పక్కా బిల్లు లేనిదే తీసుకోవద్దన్నాను. బిల్లు ఉంటే భయం లేదా అని అడిగాడు. భయం లేదని నేను చెప్పలేకపోయాను. వచ్చే జూన్ లోపు మీ దగ్గర నుంచి ఒక సర్క్యులర్ వస్తే చెప్పగలను.

ఇట్లు,
మీ విధేయుడు,
ఒక జిల్లా కోర్టు న్యాయవాది